కూత ఆపేముందు కారణం చూడాలి

కరెంటు పోగానే పంచాయతీ ఆఫీసుల్లో, మీసేవ కేంద్రాల్లో కంప్యూటర్ల దగ్గర 'బీప్‌.. బీప్‌' మని కూత మొదలవుతుంది. పనిమీద వచ్చిన రైతులకు, సిబ్బందికి ఇది తలనొప్పిగా ఉంటుంది. అయితే ఈ కూతలన్నీ ఒకటి కావు.

బల్ల కింద ఉండే యు.పి.ఎస్‌. పెట్టె, బ్యాటరీ మీద నడుస్తున్నానని చెప్పడానికి కూస్తుంది. చాలా రకాల్లో కూత వేగం పెరిగిందంటే బ్యాటరీ అయిపోవస్తున్నట్లే. వెంటనే పని సేవ్‌ చేసి కంప్యూటర్‌ ఆపాలి. లేకుంటే ఎక్కిస్తున్న దరఖాస్తు గల్లంతవుతుంది. కరెంటు ఉన్నా కూత ఆగకపోతే బ్యాటరీని పరీక్ష చేయించాలి. ఇవి సాధారణంగా 3 నుంచి 5 ఏళ్లు పనిచేస్తాయి.

స్విచ్‌ వేయగానే తెర వెలగకుండా కంప్యూటర్‌ లోపలి నుంచే కూత వస్తుంటే, ర్యామ్‌ పలక కదిలి ఉండవచ్చు. మెకానిక్‌ చేత దానిని తీయించి, శుభ్రం చేయించి బిగిస్తే చాలాసార్లు సరిపోతుంది. లోపాన్ని కూతతో తెలిపే ఈ పద్ధతి 1981 నాటి ఐ.బి.ఎం. కంప్యూటర్‌లోనే ఉంది.

తప్పు మీట నొక్కినప్పుడు వచ్చే 'టింగ్‌' మనే శబ్దాన్ని మాత్రం విండోస్‌ సౌండ్‌ సెట్టింగుల్లో 'నో సౌండ్స్‌' ఎంచుకుని నిశ్చింతగా ఆపవచ్చు.

మొదటి రెండూ హెచ్చరికలు. కారణం చూడకుండా వాటి నోరు నొక్కితే, కూలి మానుకుని వచ్చినవారు మళ్లీ తిరగవలసి వస్తుంది. ప్రజలు కూడా రసీదు చేతికి అందాకే కదలడం మంచిది.