ఓపెన్‌కాస్టు గనుల మట్టిగుట్టలపై స్థానిక వృక్షజాల పునరుద్ధరణ: గోదావరి లోయ బొగ్గుక్షేత్రం - ఒక పరిశీలన

సంగ్రహం

ఉపరితల గనుల తవ్వకం ముగిసిన నేలపై చెట్లు పెంచడం వేరు, అక్కడ మునుపున్న అడవిని తిరిగి నెలకొల్పడం వేరు. మొదటిది కొద్ది సంవత్సరాలలో సాధ్యమవుతుంది. రెండవది మట్టి స్థితి, విత్తన లభ్యత, జాతుల ఎంపిక అనే మూడింటిపై ఆధారపడిన దీర్ఘకాలిక ప్రక్రియ. ఈ భేదాన్ని గోదావరి లోయ బొగ్గుక్షేత్రం ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఓపెన్‌కాస్టు గనులు, పైమట్టి, విత్తన నిధి, అనుక్రమం, స్థానిక జాతులు.

1. ఉపోద్ఘాతం

ఇల్లందు ప్రాంతంలో 1889లో మొదలైన బొగ్గు తవ్వకం చాలాకాలం భూగర్భ గనులకే పరిమితమైంది. నేడు సింగరేణి ఉత్పత్తిలో అధికభాగం ఓపెన్‌కాస్టు గనులదే. ఈ పద్ధతిలో బొగ్గు పొరపైనున్న నేలను, రాతిని పూర్తిగా తొలగించవలసి ఉంటుంది. మణుగూరు, కొత్తగూడెం, రామగుండం, భూపాలపల్లి పరిసరాలలో కనిపించే ఓబీ గుట్టలు అలా పోగైనవే.

గని మూసివేత ప్రణాళికను తప్పనిసరి చేస్తూ కేంద్ర బొగ్గు మంత్రిత్వశాఖ 2009లో మార్గదర్శకాలు జారీ చేసింది. తవ్వకం ముగిసిన భూమిలో తిరిగి గడ్డి పెంచి, పశుగ్రాసానికీ వృక్ష, జంతుజాలాలకూ అనువుగా మార్చాలన్న షరతు విధించవలసిందిగా 2020 జనవరి 8న సుప్రీంకోర్టు కేంద్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. కాబట్టి పునరుద్ధరణ అవసరమా అన్న చర్చకు ఇక తావులేదు. దేనిని పునరుద్ధరణగా పరిగణించాలన్నదే మిగిలిన ప్రశ్న.

2. కోల్పోయిన అడవి స్వభావం

ఈ ప్రాంతపు సహజ వృక్షజాలం ఆకురాల్చు అడవి. టేకు, నల్లమద్ది, ఏగిశ, చండ్ర, తునికి, ఇప్ప, మొర్రి, మోదుగ, వెదురు ఇందులో ప్రధానమైనవి. మార్చి, ఏప్రిల్ నెలలలో ఇప్పపువ్వు, వేసవిలో తునికాకు, మొర్రి పండ్లు కోయ, గోండు కుటుంబాలకు ఆహారాన్ని, ఆదాయాన్ని సమకూరుస్తాయి. అందువల్ల ఏ జాతులు తిరిగి వచ్చాయన్నది వృక్షశాస్త్రానికి సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు, జీవనోపాధి ప్రశ్న కూడా.

3. మట్టి: తొలి అవరోధం

ఓబీ గుట్టలలో ప్రధానంగా ఉండేది ఇసుకరాయి, షేలు ముక్కల మిశ్రమం. ఇందులో సేంద్రియ పదార్థం, నత్రజని అత్యల్పం. నీటిని నిలుపుకొనే శక్తి తక్కువ. అడవి నేలలోని విత్తన నిధి, వేళ్లకు పోషకాలను అందించే శిలీంధ్రమూలాలు ఉండేది పైమట్టిలోనే. దానిని విడిగా సేకరించినా, ఎత్తైన కుప్పగా ఏళ్ల తరబడి ఉంచితే లోపలి పొరలకు గాలి అందక విత్తనాలు, సూక్ష్మజీవులు నశిస్తాయి.

పశ్చిమ ఆస్ట్రేలియాలోని జర్రా అడవులలో బాక్సైటు తవ్వకం కొద్ది మీటర్ల లోతుకే పరిమితం. అందుచేత కొత్త గుంత నుంచి తీసిన పైమట్టిని నిల్వ చేయకుండా పక్కనే తవ్వకం ముగిసిన గుంతపై పరచగలుగుతున్నారు. లోతైన బొగ్గు గనులలో గుట్ట తుదిరూపం దాల్చడానికి ఏళ్లు పడుతుంది కనుక ఈ పద్ధతిని యథాతథంగా అనుసరించలేము. అయితే గుట్టను అంచెలంచెలుగా పూర్తిచేసి, సిద్ధమైన ప్రతి అంచెపై తాజా పైమట్టిని పరిచే వీలుంది.

రెండవ అవరోధం మట్టి గట్టిపడడం. అమెరికాలో 1977 నాటి ఉపరితల గనుల చట్టం వాలుల స్థిరత్వానికి ప్రాధాన్యమిచ్చింది. దాని అమలులో అపలాచియన్ ప్రాంతపు గని భూములను భారీ యంత్రాలతో చదును చేసి, దట్టంగా పెరిగే గడ్డిజాతులను చల్లారు. నేల కోత తగ్గింది గాని, గట్టిపడిన నేలలో వేళ్లు దిగక, గడ్డి పోటీకి తట్టుకోలేక చెట్లు ఎదగలేదు. ఈ అనుభవం నుంచి రూపొందిన అటవీ పునరుద్ధరణ విధానం ప్రచారానికి 2004లో ఒక ప్రాంతీయ కార్యక్రమం ఆరంభమైంది. కనీసం 4 అడుగుల లోతున వేళ్లకు అనువైన మట్టిని గాని, శైథిల్యం చెందిన ఇసుకరాయిని గాని వదులుగా పరచడం, మొక్కలకు పోటీనివ్వని గడ్డిని ఎంచుకోవడం దీనిలోని ముఖ్య సూత్రాలు. గట్టి నేలలో వాననీరు ఇంకక పైపైనే పారిపోతుంది. కనుక ఇసుకరాయి ఎక్కువగా ఉండే గోదావరి లోయ గుట్టలకు కూడా ఈ సూత్రాలు పరిశీలించదగినవి.

4. జాతుల ఎంపిక

మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాలకు చెందిన సుబాబుల్ నత్రజనిని స్థిరీకరిస్తూ బీద నేలలో వేగంగా పెరుగుతుంది. వాలును త్వరగా కప్పడంలో దాని ప్రయోజనాన్ని కాదనలేము. కాని విస్తారంగా విత్తనాలు రాల్చి, నరికినా చిగురించి గుబురుగా అల్లుకుంటుంది. ఆ నీడలో ఇతర జాతుల మొలకలు నిలదొక్కుకోలేవు. అనుక్రమం తొలిదశలోనే ఆగిపోతుంది. అదే తొలిదశ పాత్రను స్థానిక గడ్డిజాతులు, మోదుగ, కానుగ, చండ్ర వంటివి నిర్వహించగలవు.

తరువాతి దశలోని జాతులకు వేర్వేరు అవసరాలున్నాయి. ఇప్ప విత్తనాలు రాలిన కొద్ది వారాలలోనే మొలకెత్తే శక్తిని కోల్పోతాయి. వాటిని నిల్వ ఉంచడం కుదరదు, వెంటనే నారుమడిలో వేయాలి. తునికి అడవిలో ఎక్కువగా వేరు పిలకల ద్వారా వ్యాపిస్తుంది. నేలను పెకలించినప్పుడు ఆ వేరు వ్యవస్థ మొత్తం పోతుంది. నల్లమద్ది రెక్కల కాయలను గాలి చేరవేస్తుంది. మొర్రి, ఇప్ప పండ్లకు పక్షులు, గబ్బిలాలు కావాలి. కాబట్టి గుట్టకు సమీపంలో సహజ అడవి తునకలు మిగిలి ఉండడం పునరుద్ధరణకు ఎంతో కీలకం.

5. విజయానికి కొలమానం

నాటిన మొక్కల సంఖ్య, బతికిన మొక్కల శాతం, ఉపగ్రహ చిత్రాలలో పచ్చదనం సులభంగా లెక్కకు అందుతాయి. ఒకే జాతి తోటకు కూడా ఈ మూడింటిలోనూ మంచి ఫలితమే వస్తుంది. సమీపంలోని చెక్కుచెదరని అడవితో పోల్చి స్థానిక జాతుల సంఖ్యను, నాటకుండానే మొలిచిన మొక్కలను, మట్టిలో సేంద్రియ కర్బనాన్ని, నీరు ఇంకే వేగాన్ని నమోదు చేసినప్పుడే అనుక్రమం సాగుతున్నదో లేదో తెలుస్తుంది. ఏ మొక్కలు ఎక్కడ ఉండేవో ఎరిగిన ఆదివాసుల జ్ఞానాన్ని తవ్వకానికి ముందే నమోదు చేయడం ఇందులో భాగం కావాలి.

ముగింపు

అడవి పునరుద్ధరణ బొగ్గు అయిపోయిన తరువాత చేపట్టే పని కాదు. పైమట్టిని ఎప్పుడు తీయాలి, ఎక్కడ పరచాలి, ఏ విత్తనాన్ని ఏ నెలలో సేకరించాలి అన్న నిర్ణయాలు గని తెరవడానికి ముందే జరగాలి. గుట్ట పచ్చబడిన చోట ఇప్పపువ్వు మళ్లీ రాలనప్పుడు, తునికాకు మళ్లీ చేతికందనప్పుడు, ఆ నేల కప్పబడిందని చెప్పవచ్చునే గాని పునరుద్ధరణ పొందిందని చెప్పలేము.