ఈ ఇంటి సంగతి ఎవరికైనా చెప్పాలా?



పోయిన వానకాలంలో ఒక శనివారం ఓ.పి. ముగిసే వేళకు, ఉప్పుటేరు పక్క కాలనీ నుంచి ఒక తల్లి నాలుగేళ్ళ పాపను చంకనేసుకొని వచ్చింది. పాప ముఖము, కాళ్ళు ఉబ్బి ఉన్నాయి. మూత్రం టీ డికాషన్ రంగులో పోతున్నది. వేళ్ళ సందుల్లో, నడుము చుట్టూ గజ్జి, దాని మీద చీము పొక్కులు. గజ్జి అంటే దురదే కదా అని చాలామంది తేలికగా తీసుకుంటారు. గోకిన చోట పుండు పడి చీము పడితే, ఆ క్రిముల కారణంగా కొన్ని వారాల తర్వాత మూత్రపిండాలు వాచే ప్రమాదం ఉన్నది. ఈ పాపకు జరిగింది అదే.

వార్డులో చేర్చుకున్నాము. పాప కోలుకున్నది. పంపేముందు పెర్మెత్రిన్ క్రీము ఇచ్చి, ఇంట్లో అందరూ ఒకే రాత్రి మెడ నుంచి పాదాల దాకా రాసుకొని పొద్దున స్నానం చేయాలని, వారం తర్వాత మళ్ళీ ఒకసారి రాయాలని, బట్టలు, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతికి ఎండలో వేయాలని చెప్పాము. తల్లి అన్నిటికీ తల ఊపింది. నెల తిరగకముందే అదే పాప, అదే గజ్జి. ఈసారి చంటి తమ్ముడికి కూడా, దానికి తోడు విరేచనాలు.

అప్పుడు ఇంటికి వెళ్ళి చూశాము. రొయ్యల గుంట కట్ట కింద తాటాకు గుడిసె. వాన నీళ్ళు, గుంట నీళ్ళు కలిసి వాకిట్లో నిలిచిపోయాయి. కాలనీ చేతి పంపు చెడిపోయింది, తాగేది చెలమ నీళ్ళు. మరుగుదొడ్డి గది ఉన్నది గాని నీళ్ళు లేక అందులో వలలు, కట్టెలు పెట్టుకున్నారు. దొడ్డికి అందరూ కట్ట మీదికే. ఐదుగురికి రెండు దుప్పట్లు. తల్లి తెల్లవారకముందే రొయ్యలు వొలిచే పనికి పోతే, పిల్లలను చూసేది ఎనిమిదేళ్ళ అక్క. తండ్రి బోటు మీద ఉంటాడు, ఒడ్డున ఉన్న రోజుల్లో తాగుడు. వేడినీళ్ళలో దుప్పట్లు ఉతకమని చెప్పి పంపినందుకు మాకే సిగ్గు వేసింది.

తిరిగివస్తూ ఆటోలోనే వాదన మొదలయింది. చిన్న సిస్టర్ ఒకామె, "మేడమ్, ఇప్పుడే 1098కి ఫోన్ చేద్దాం, మళ్ళీ కిడ్నీలు వాస్తే ఎవరిది బాధ్యత?" అన్నది. ముప్పయ్యేళ్ళు సర్వీసు చేసిన ఆయమ్మ, "ఆ కాలనీలో ఏ గుడిసెలో దూరినా ఇదే కదా తల్లీ, ఎంతమంది మీద చేస్తావు?" అన్నది. ఇద్దరి మాటా కాదనలేకపోయాము.

బయలుదేరేటప్పుడు ఆ తల్లి అడిగిన మాట కూడా చెప్పాలి. "సిస్టరమ్మా, ఏందో రాసుకుంటుండారే, మా పిలకాయల్ని ఎత్తకపోతారా?" అన్నది. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 1911 నాటి నేర జాతుల చట్టం కింద ఎరుకల వంటివారిని పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కగట్టి సెటిల్‌మెంట్లలో ఉంచారు. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి బడుల్లో పెట్టే అధికారం ఆ చట్టంలోనే ఉన్నది. మన జిల్లాలో కావలి సెటిల్‌మెంటును నడిపినవారు అమెరికన్ బాప్టిస్టు మిషనువారే. మేలు చేస్తున్నామనే వారు అనుకొని ఉంటారు. చట్టం 1952లో రద్దయింది. అయినా మిషన్ ఆస్పత్రి యూనిఫారంలో వాకిట నిలబడి నోటు పుస్తకంలో రాసుకుంటే, పేదవారికి కనబడేది మందుల సంచి కాదు, ఆ పుస్తకమే.

ఈరోజు చట్టం వేరు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం పిల్లల బాధ్యత ముందుగా కుటుంబానిదే, వసతిగృహంలో పెట్టడం ఆఖరి మార్గం. 1098 నంబరు 1996లో బొంబాయిలో మొదలయింది. 2023 నుంచి ప్రభుత్వమే నడుపుతూ 112తో కలిపింది. రాత్రీ పగలూ ఉచితంగా పలుకుతుంది. ఫోను చేయగానే పిల్లలను జీపు ఎక్కించి తీసుకుపోరు. వచ్చి చూస్తారు, విచారిస్తారు, అవసరమైతే జిల్లా బాలల సంక్షేమ సమితి ముందు పెడతారు. తండ్రి లేని పిల్లలకు, ప్రాణాంతక జబ్బుతో ఉన్నవారి పిల్లలకు, ఇంకా కొందరు అర్హులకు, ఇంట్లోనే ఉంచి పెంచుకోవడానికి నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ పథకం కూడా ఉన్నది. ఇది మన సంఘాల్లో చాలామందికి తెలియదు.

ఇక మాకు కష్టమైన సంగతి. గుడిసె విషయంలో ఇంత గట్టిగా వాదించుకున్న మేమే, కొన్నేళ్ళ క్రితం ఒక డాబా ఇంటి విషయంలో నోరు మెదపలేదు. బాగా పరిచయమున్న కుటుంబం, ఆదివారం కలిసేవారు. నడవలేని పిల్లవాడిని వెనుక గదిలో పడుకోబెట్టారు. ఇంట్లో కుళాయి ఉంది, పనిమనిషి ఉంది, కాని మూత్రంలో తడిసిన పరుపు మార్చేవారు లేరు. వీపు మీద పుండ్లతో మూడుసార్లు తెచ్చారు. మూడుసార్లూ డ్రెస్సింగ్ చేసి, మర్యాదగా నాలుగు మాటలు చెప్పి పంపాము. నాలుగోసారికి పుండు ఎముక దాకా పోయింది. అప్పుడు గాని పై వారికి చెప్పలేదు. ఆ మూడు డ్రెస్సింగులూ మా రిజిస్టరులో మా చేతి రాతతోనే ఉన్నాయి.

అందుకని ఇప్పుడు మేము ముందు మురికిని కొలవడం మానుకున్నాము. ఈ రాత్రికి బిడ్డకు ప్రమాదం ఉన్నదా అని చూస్తాము. ఉంటే ఆలోచన లేదు, ఫోనే. లైంగిక హింస అనుమానం వచ్చినా అంతే. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం చెప్పకపోవడమే నేరం, అది మా ఇష్టానికి వదిలిన సంగతి కాదు. ఇవేవీ లేనప్పుడు, సాధనం చేతికిచ్చిన తర్వాత ఇంటివారు ఏమి చేస్తున్నారో చూస్తాము. సబ్బు లేక కడగని చేయి వేరు, సబ్బు ఉండి కడగని చేయి వేరు. మొదటిదానికి ఫిర్యాదు పెట్టవలసింది తల్లి మీద కాదు. చెప్పవలసి వస్తే, బిడ్డకు దానివల్ల హాని రాదనుకున్నప్పుడు, తల్లికే ముందు చెబుతాము. "నీ మీద చెప్పడం లేదమ్మా, నీ కోసం అడుగుతున్నాము" అంటే కొందరు తిడతారు. తిట్టనివ్వండి.

మీరూ ఇరుగుపొరుగున ఇలాంటి ఇల్లు చూసి ఉంటారు. వీధిలో చర్చ పెట్టకండి, ప్రార్థన కూడికలో పేర్లు చెప్పకండి. ఏ.ఎన్.ఎమ్.కు గాని, అంగన్‌వాడీ టీచరుకు గాని, మాకు గాని ఒంటరిగా చెప్పండి. చూసింది మాత్రమే చెప్పండి, అనుకున్నది కలపకండి.

ఆ పాప ఇంటి విషయంలో ఆ వారం 1098కి ఫోన్ చేయలేదు. చిన్న సిస్టర్‌కు అది నచ్చలేదు, ఆ మాట మాతో సూటిగా అన్నది కూడా. మేమే వెళ్ళి ఐదుగురికీ ఒకే రాత్రి క్రీము రాయించి, వారానికి రెండోసారి రాయించాము. దుప్పట్లు మూటగట్టి మా లాండ్రీకి తెచ్చాము. చంటివాడి దండ చుట్టుకొలత 12 సెంటీమీటర్లు వచ్చింది. 11.5 కంటే దిగితే తీవ్ర పోషకాహార లోపం కింద లెక్క. ఓ.ఆర్.ఎస్.తో పాటు 14 రోజులు జింకు బిళ్ళలు ఇచ్చాము. పెద్దపిల్లను బడికి, చిన్నవాళ్ళను అంగన్‌వాడీకి పంపుతానని తల్లి ఒప్పుకున్నది. ఆరు వారాలు గడువు పెట్టుకొని, ఈలోగా పిల్లలు మళ్ళీ వదిలేసినట్టు కనిపిస్తే ఫోన్ చేస్తామని ఆమెకు ముఖం మీదే చెప్పాము.

గడువు అయిపోయింది. పాప మూత్రం పరీక్ష బాగున్నది, చంటివాడి దండ 12.4. పెద్దపిల్ల మాత్రం వారంలో మూడు రోజులే బడికి పోతున్నది. మా సిస్టర్ ప్రతి శుక్రవారం వెళ్ళి వస్తున్నది. చేతి పంపు గురించి పంచాయతీకి మూడో అర్జీ ఇచ్చాము. ఇది రాసేనాటికి బాగుచేయలేదు.