శ్రీతాళపు మొలకలు: చలికాలమున కుండలలో పోషణ

తాటిచెట్టును ఎరుగని రైతు మన దేశమున లేడు. దాని జ్ఞాతియగు శ్రీతాళమును చూచినవారు మాత్రము కొలదిమంది. మన పెద్దలు విడిచిపోయిన తాళపత్ర గ్రంథములలో కొన్ని తాటియాకులపైనను, కొన్ని శ్రీతాళపు ఆకులపైనను వ్రాయబడినవి. శ్రీతాళపు ఆకు తాటియాకుకంటె పలుచనిది, మెత్తనిది. మలయాళ దేశమున దీని యాకుతో గొడుగులు కట్టుటచే దీనిని కుడప్పన యని పిలుతురు. కుడ యనగా గొడుగు. సింహళమునందును ఈ చెట్టు ప్రసిద్ధము. బాగుగా పెరిగిన చెట్టు 25 మీటర్ల యెత్తు వరకు పోవును. ఒక్కొక్క యాకు విప్పుకొన్నప్పుడు అడ్డముగా 5 మీటర్ల వరకు ఉండును.

ఈ చెట్టునందొక విశేషము కలదు. తాడి యేటేట కాచును. శ్రీతాళము జన్మమున కొక్కమారే పూచును. 30 మొదలు 80 ఏండ్ల వరకు ఆకులు మాత్రమే వేయుచు బలము కూడబెట్టుకొని, తుదకు తలపై 6 మొదలు 8 మీటర్ల పూగుత్తిని ఎత్తును. కాయలు పండుటకు సుమారొక సంవత్సరము పట్టును. అవి రాలిన పిమ్మట చెట్టు ఎండిపోవును. కావున ఒక చెట్టునుండి మనకు గింజలు ఒక్కమారే దొరకును. ఆ మొలకలు పాడైనచో మరల గింజలిచ్చుటకు ఆ చెట్టు ఉండదు.

ఇది ఊరక భయపెట్టుటకు చెప్పిన మాట కాదు. శ్రీతాళమునకు తోబుట్టువు వంటి వృక్షమొకటి వంగదేశమున ఉండెడిది. పూర్వము మన సామర్లకోటలో తోట పెంచి, పిదప కలకత్తా తోటకు అధిపతియైన రాక్సుబరో దొర దానిని వర్ణించి శాస్త్రజ్ఞుల కెరుక పరచెను. అడవిని మిగిలినదని తెలిసిన ఆ జాతి చెట్టు బీర్భూము జిల్లాలో పూచినప్పుడు, దాని వింతయగు పూగుత్తిని చూచి దయ్యమని జడిసిన గ్రామస్థులు 1979లో దానిని నరికివేసిరి. ఢాకా విశ్వవిద్యాలయపు ఆవరణలోని మరియొక చెట్టు 2008లో పూచి, కాచి, ఎండిపోయెను. దాని గింజలను మొలకెత్తించి మొక్కలు పెంచిరి. ఒక జాతి నిలుచుటకు కుండలలోని మొలకలే ఆధారమైన సందర్భమిది.

మన సభ్యులలో కొందరు శ్రీతాళపు గింజలు తెప్పించి కుండలలో నాటియున్నారు. వాన వెలిసి చలి ప్రవేశించు ఈ కాలమున వానిని కాపాడు పద్ధతిని వివరించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

నేను చేసిన తప్పు

మొదట నా తప్పును చెప్పుకొనుట న్యాయము. మొదటి సంవత్సరమున నేను 12 మొలకలు పెంచితిని. స్వాతి కార్తెలో తుపాను వాన కురిసినది. తరువాత ఆకాశము తేటపడి, ఉత్తరపు గాలి తిరిగి, చలి హెచ్చినది. ఆకులు వెలవెలబోవుట చూచి, దప్పికగొన్నవని తలచి, ప్రతి సాయంకాలము నీరు పోసితిని. ఆకులు మరింత పాలిపోయినవి. నేను మరింత నీరు పోసితిని. సంక్రాంతి నాటికి 7 మొక్కలు పోయినవి. చచ్చిన మొక్కను పెరికి చూడగా వేరు నల్లబడి, దుర్వాసన కొట్టుచు, వ్రేళ్లతో నొక్కిన చిదిగిపోయెను.

ఇది చూచుటకు వచ్చిన ఒక వృద్ధ రైతు నవ్వి, "బాబూ, తేగల పాతరకు బిందెలతో నీళ్లు మోసినవానిని మీరెక్కడనైన చూచితిరా?" యని యడిగెను. నేను పుస్తకములలో చదివినదానికంటె ఆ ఒక్క ప్రశ్నవలన నేర్చుకొన్నది యెక్కువ.

తేగ చెప్పు పాఠము

తాటిటెంక మొలచునప్పుడు మొదట పైకి ఆకు రాదు. టెంకనుండి ఒక గొట్టము భూమిలోనికి దిగును. మొలక దాని కొననుండును. వేరు అక్కడనే పుట్టి క్రిందికి పోవును. ఆకు ఆ పిమ్మట పైకి వచ్చును. శ్రీతాళపు గింజ మొలచు త్రోవయు ఇదే. మొదటి యాకు విసనకర్రవలె నుండదు. చీలికలు లేక కత్తివలె సన్నముగా నుండును. పైని ఒక్క ఆకే కనబడినను, క్రింద వేరు చాల దూరము పోయియుండును. దీనినుండి మూడు సంగతులు తెలియుచున్నవి.

మొదటిది, కుండకు వెడల్పుకంటె లోతు ముఖ్యము. మూరెడు లోతు గల కుండగాని, పొడుగుపాటి ప్లాస్టిక్ సంచిగాని కావలెను. రెండవది, వేరును కదల్చరాదు. ఒక కుండలో ఒక గింజనే నాటవలెను. కుండ మార్చుట, పెరికి చూచుట చలికాలమున బొత్తిగా కూడదు. మూడవది, పైమన్ను ఆరినంత మాత్రమున వేరునకు తడి లేదని తలపరాదు. మన కన్ను పైమన్నును చూచును. వేరు అడుగున నుండును.

కుండలోనికి ఏటియిసుక రెండు పాళ్లు, ఎర్రమన్ను ఒక పాలు, బాగుగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు కలిపి వాడవలెను. నల్లరేగడి పనికిరాదు, అది నీటిని పట్టి విడువదు. కుండ అడుగున రంధ్రముండవలెను. దానిపై పెంకుముక్కలు పరచి మన్ను పోయవలెను. కుండను నేలపై నుంచక రెండు ఇటుకలపై నెత్తి పెట్టినచో నీరు బాగుగా జారును.

చలియు తడియు

సముద్రతీరపు జిల్లాలలో చలి యొక్కటియే మొలకను చంపుట అరుదు. చలియు తడియు కలిసినప్పుడే ముప్పు. మన్ను చల్లబడినప్పుడు వేరు పని మందగించును. అది నీటిని త్రాగదు. త్రాగని నీరు మన్నులోని సందులను నింపి గాలిని వెడలగొట్టును. వేరునకును గాలి కావలెను. గాలి లేక నీరసించిన వేరును బూజుజాతి తెగుళ్లు సులభముగా పట్టుకొనును. ఆకు పాలిపోవుట దప్పికవలన కాదు, కుండెడు నీటి మధ్య వేరు ఊపిరాడక యుండుటవలన. ఇది తెలియకనే నేను నీరు పోసి చంపితిని.

కావున నీరు పోయుటకు ముందు పరీక్ష చేయవలెను. కొబ్బరి యీనెపుల్లను కుండ అంచునంటి జేనెడు లోతు గ్రుచ్చి, కొంతసేపుంచి తీయవలెను. తడిమన్ను అంటుకొని వచ్చినచో ఆ దినము నీరు పోయరాదు. మట్టికుండనైతే వ్రేలి కణుపుతో తట్టవలెను. ఆరిన కుండ ఖంగుమని మ్రోగును; తడికుండ మొద్దుగా పలుకును. ఇంత దినముల కొకమారని నియమము పెట్టుకొనరాదు. ఇసుక పాలు, ఎండ, గాలి ఒక్కొక్క యింట నొక్కొక్క తీరుగా నుండును.

పోయునప్పుడు ప్రొద్దెక్కిన తరువాత పోయవలెను, సాయంకాలము పోయరాదు. అప్పుడే తోడిన బావినీరు చలికాలమున గోరువెచ్చగా నుండును గనుక అది మేలు. రాత్రియంతయు తొట్టిలో చల్లబడిన నీరు మంచిది కాదు. నీటిని మన్నుపై పోయవలెను గాని మొవ్వులో పోయరాదు.

మారుచుండు వాతావరణము

స్వాతి, విశాఖ కార్తెలలో తుపాను సూచన కలిగిన వెంటనే కుండలను అరుగుపైకి చేర్చవలెను. చోటు చాలనిచో కుండలను ఒక ప్రక్కకు వాల్చి పెట్టవలెను. వాన కుండలో నిలువక జారిపోవును. వాన వెలిసిన పిమ్మట లేపి నిలిపి, పుల్ల పరీక్ష చేసి, లోపల ఆరువరకు చుక్క నీరైనను పోయరాదు.

మూడు నాలుగు దినములు మబ్బు పట్టి, పిమ్మట హఠాత్తుగా ఎండ కాయుట ఈ కాలమున సామాన్యము. నీడకు అలవాటుపడిన ఆకును ఒక్కసారిగా ఎండలో పెట్టినచో మాడును. మొదటి దినములలో ఉదయపు ఎండను మాత్రమే చూపి, క్రమముగా హెచ్చింపవలెను.

మబ్బులేని రాత్రి నేలయు ఆకులును తమ వేడిని ఆకాశమునకు విడుచును. అందుచేతనే తేటరాత్రులందు చలియు మంచును ఎక్కువ. ఆకాశమునకును మొక్కకును నడుమ పలుచని తాటాకు పందిరి యున్నను ఆ వేడి కొంత నిలుచును. మూల కార్తె మొదలు సంక్రాంతి వెళ్లువరకు రాత్రులందు పందిరి క్రింద ఉంచి, ఉత్తరపు వైపున తడిక కట్టవలెను. దక్షిణముఖమైన గోడ ప్రక్కన కుండలుంచిన మరియు మేలు. పగటి ఎండకు కాగిన గోడ రాత్రి కొంత వెచ్చదన మిచ్చును. గోనెపట్ట కప్పదలచినచో కర్రలపై కప్పవలెను గాని ఆకునకు తగులనీయరాదు; తెల్లవారగానే తీసివేయవలెను.

ఆదిలాబాదు ప్రాంతమునందును, చింతపల్లి, లంబసింగి వంటి మన్యపు గ్రామములందును చలి 10 డిగ్రీలకు దిగువకు పోవును. అచ్చటి సభ్యులు కుండలను రాత్రి యింటిలోనికి తీసికొనిపోవుట యుత్తమము. ఇది ఉష్ణదేశపు చెట్టు. అట్టి చలిలో దాని లేత ఆకునకు ముప్పు కలుగును.

చలికాలమున ఎరువు వేయరాదు. పనిచేయని వేరునకు ఎరువు భారమే. శివరాత్రితో చలి శివశివా యని పోవునని మనవారందురు. ఆ పిమ్మట క్రొత్త ఆకు కదలుట చూచి కొంచెము చివికిన ఎరువు వేయవచ్చును.

మొవ్వుకుళ్లు

1900 తరువాతి తొలి దశాబ్దములో గోదావరి డెల్టాలోని తాటిచెట్లకు మొవ్వుకుళ్లు తెగులు విస్తారముగా వచ్చినది. బట్లరు అను శాస్త్రజ్ఞుడు దానిని పరిశోధించి, తడి వాతావరణమున వ్యాపించు ఒక బూజు దీనికి కారణమని కనుగొనెను. కుండలలోని మొలకలకును మొవ్వు కుళ్లు భయము కలదు. నడిమి లేతాకు వాడి, మెల్లగా లాగినంతనే ఊడివచ్చి, మొదట కుళ్లు వాసన యున్నచో ఆ మొక్కను దాచుకొనక తీసి కాల్చివేయవలెను. ఆ మన్నును మరల వాడరాదు.

చుట్టునున్న మొక్కలకు బోర్డో మిశ్రమము చల్లవలెను. 100 గ్రాముల మైలుతుత్తమును 5 లీటర్ల నీటిలోను, 100 గ్రాముల పొడిసున్నమును వేరుగా 5 లీటర్ల నీటిలోను కలిపి, తుత్తపు నీటిని సున్నపు నీటిలో పోయుచు కలియబెట్టవలెను. మట్టిపాత్రగాని ప్లాస్టిక్ పాత్రగాని వాడవలెను, ఇనుపపాత్ర కూడదు. మెరుగుపెట్టిన కత్తిని అందు ముంచగా దానిపై రాగి రంగు తేలినచో సున్నము చాలలేదని తెలిసికొని మరికొంత కలుపవలెను. చేసిన దినముననే వాడవలెను.

సంఘముగా చేయవలసినది

ఒక్క సభ్యుని యింట 20 కుండలుండుటకంటె పదిమంది యిండ్ల రెండేసి కుండలుండుట క్షేమము. ఒకచోట తెగులు వచ్చినను, తుపాను కొట్టినను, మిగిలినవి నిలుచును. ఎవరి యింట ఎన్ని మొలకలున్నవి, ఏ కార్తెలో ఎన్ని పోయినవి, కారణమేమి యను సంగతులను ఒక చిట్టాలో వ్రాసి యుంచవలెను. పోయినదానిని దాచుటవలన ఎవరికిని లాభము లేదు. నా 7 మొక్కల సంగతి నేను చెప్పితిని గదా.

ఈ చెట్టు వలన రేపు ధనము వచ్చునని నేను చెప్పజాలను. ఇప్పుడు నడివయసున నున్న మనము దీని పూవును చూడకపోవచ్చును. కాని మనుష్యుడు పోయినను సంఘము నిలుచును, చిట్టాయు నిలుచును. నేడు నాటినది ఎన్నడో చెరువుగట్టున పూచిననాడు, ఆ గింజలను ఏరి కుండలలో నాటవలెనని తెలిసినవారు ఊరిలో నుండవలెను. అందుకొరకైనను ఈ చలికాలమున నీటిచెంబు ఎత్తుటకు ముందు పుల్ల గ్రుచ్చి చూడుడు.