మునిగే కర్ర, పలికే కర్ర

టాంజానియా మహానగరం దారెస్సలాం నుంచి హిందూ మహాసముద్రం వారగా దక్షిణానికి దాదాపు 300 కిలోమీటర్లు పోతే కిల్వా మసోకో అనే చిన్న రేవు పట్టణం వస్తుంది. పర్యాటకులు ఇక్కడికి వచ్చేది ఎదురుగా ఉన్న కిల్వా కిసివాని దీవి కోసం. ఒకప్పుడు బంగారం, ఏనుగు దంతం, చైనా పింగాణీ చేతులు మారిన రేవు అది. అక్కడి మసీదు, రాజభవనాల శిథిలాలు 1981లోనే ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి. జిల్లాకున్న రెండో సంపదను చూడాలంటే మాత్రం సముద్రాన్ని వదిలి లోపలి పల్లెల దారి పట్టాలి. అక్కడి పొడి అడవుల్లో, పెద్ద చెట్ల మధ్య ఎవరి కంటా పడకుండా పెరుగుతుంది మ్పింగో.

చూడ్డానికి గొప్ప చెట్టేమీ కాదు. ఎత్తు సాధారణంగా 15 మీటర్లు దాటదు. వంకర మాను, మొదట్లోనే చీలిపోయే కొమ్మలు, వాటి నిండా ముళ్లు. మన జిట్రేగికి దగ్గరి చుట్టమే, రెండూ డాల్బెర్జియా ప్రజాతివే. కానీ జిట్రేగి ఠీవి దీనికి రాలేదు. ఎండాకాలంలో ఆకు రాల్చి మోడులా నిలబడుతుంది. ఏటా గడ్డిని కాలుస్తూ వచ్చే కార్చిచ్చును తట్టుకుంటుంది. చిక్కుడు కుటుంబానిది కాబట్టి బీద నేలకు నత్రజని అందిస్తుంది. కోతకు రావడానికి 70 ఏళ్లు, ఒక్కోచోట అంతకు మించే పడుతుంది. సెనెగల్ నుంచి దక్షిణాఫ్రికా దాకా కనిపించినా, వ్యాపారానికి పనికొచ్చే కర్ర ప్రధానంగా టాంజానియా, ఉత్తర మొజాంబిక్ అడవులదే. టాంజానియాకు ఇది జాతీయ వృక్షం.

దీని గొప్పంతా చేవలో ఉంది. దుంగను అడ్డంగా కోస్తే అంచున వేలెడు మందం కూడా లేని పాలిపోయిన పొర, దాని లోపల ఊదా రంగు కలిసిన నలుపు. ఆ నల్లచేవ ఎండిన తర్వాత కూడా ఘనపుటడుగుకు 35 కిలోల దాకా తూగుతుంది. టేకు అందులో సగానికి కాస్త పైన ఉంటుందేమో. మ్పింగో చేవను నీళ్లలో వేస్తే నేరుగా అడుక్కి పోతుంది. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికిని చేతిలో ఆడించిన మనకు ఇది కర్రంటే నమ్మబుద్ధి కాదు. రంపం పళ్లు త్వరగా మొండిబారతాయి, పొట్టు తగిలితే కొందరికి ఒళ్లు దురద పెడుతుంది. ఇంత మొండికర్రను లేతు మీద ఎక్కిస్తే మాత్రం ఇత్తడిలా సాఫీగా, గీత తప్పకుండా తేలుతుంది. సన్నని మరలు బిగిస్తే పట్టు వదలదు. సహజంగానే నూనె ఉండటం వల్ల తేమకు ఉబ్బడం, ఎండకు ముడుచుకోవడం తక్కువ.

క్లారినెట్‌కు కావలసింది సరిగ్గా ఈ గుణాలే. మన పెళ్లి ఊరేగింపుల బ్యాండు మేళంలో వినిపించే ఆ వాద్యాన్ని తొలిరోజుల్లో యూరప్‌లో పసుపు రంగు బాక్స్‌వుడ్‌తో చేసేవారు. 19వ శతాబ్దంలో మీటల సంఖ్య పెరిగింది. వాటిని నిలబెట్టే లోహపు స్తంభాలను నేరుగా కర్రలోకే బిగించాల్సి వచ్చేసరికి గట్టి నల్లకర్రల వైపు మళ్లారు. దాదాపు 15 మిల్లీమీటర్ల వెడల్పున్న లోపలి రంధ్రం ఏ కొంచెం వంగినా శ్రుతి చెడుతుంది. వాయించేవాడి ఊపిరి తడి రోజూ ఆ గోడలకు తగులుతూనే ఉంటుంది. అయినా మ్పింగో ఆకారం చెదరదు. నాదం కర్ర వల్లే వస్తుందని వాద్యకారులు గట్టిగా నమ్ముతారు. ధ్వనిశాస్త్రం చదివినవాళ్లు మాత్రం గోడ నునుపుకీ, కొలతల కచ్చితత్వానికీ ఎక్కువ మార్కులు వేస్తారు. ఆ కచ్చితత్వాన్ని ఏళ్ల తరబడి నిలిపేది ఈ కర్రే కనుక ఇద్దరి మాటా నిజమేననిపిస్తుంది.

బాధ కలిగించేది వృథా. వంకర మాను, ముడులు, లోపలి పగుళ్లు అన్నీ పోగా వాద్యానికి పనికొచ్చేది చాలాసార్లు దుంగలో పదో వంతే. కోసిన ముక్కల చివర్లకు మైనం పూసి, ఏళ్ల తరబడి నీడన ఆరబెడతారు. ఫ్రాన్స్‌లోని బఫే క్రాంపాన్ సంస్థ 1994 ప్రాంతంలో ఈ కర్ర పొడికి కార్బన్ నారలు కలిపి ‘గ్రీన్‌లైన్’ క్లారినెట్లు తెచ్చింది. పనికిరాదని పారేసిన దాన్నుంచి మళ్లీ వాద్యమే పుట్టిందన్నమాట.

వంకరను లోపంగా చూడనివాళ్లు మకోండే శిల్పులు. టాంజానియా, మొజాంబిక్ సరిహద్దులోని రువుమా నదికి ఇరువైపులా ఉన్న పీఠభూముల వారు. బాడిశతో చెక్కి, ఉలితో తీర్చి, ఉప్పు కాగితంతో నిగ్గు తేలుస్తారు. ఒకే దుంగలో ఒకరి భుజాల మీద ఒకరుగా పదుల మంది మనుషులు అల్లుకుపోయిన ‘ఉజమా’ స్తంభాలు వాళ్ల సంతకం. దయ్యాలను చెక్కే ‘షెతాని’ శైలిని 1950లలో మొదలుపెట్టింది సమాకి లికంకోవా అంటారు. ఈ కొత్తతరం శిల్పానికి తొలినాళ్లలో అండగా నిలిచినవారిలో దారెస్సలాంలో కొట్టు నడిపిన భారత సంతతి వ్యాపారి మహమ్మద్ పీరా ఒకరు. అన్నట్టు, ఈ మోజు నిన్నటిది కాదు. మూడు వేల ఏళ్ల కిందటే ఈజిప్టు ఫరోలు ఈ కర్రను దక్షిణం నుంచి తెప్పించుకుని సామాన్లు చేయించుకున్నారు.

ఇంత విలువైన చెట్టు పక్కనే ఉన్నా కిల్వా పల్లెలకు చాలాకాలం చేతికొచ్చింది చిల్లరే. 2002 అటవీ చట్టం ఊరి అడవిని ఊరే చూసుకునే హక్కుకు దారి వేసింది. 2009లో కికోలే, కిసంగి గ్రామాల అడవులకు, అడవిని బాధ్యతగా వాడుతున్నారని చెప్పే ఎఫ్‌ఎస్‌సీ ధ్రువీకరణ దక్కింది. ఆఫ్రికాలో ప్రజలే నడిపే సహజ అడవికి అలాంటి గుర్తింపు రావడం అదే మొదలు. ఎన్ని చెట్లు కొట్టాలో గ్రామసభ నిర్ణయిస్తుంది, అమ్మిన డబ్బు గ్రామానికే చేరుతుంది. ఉత్తరాన కిలిమంజారో పాదాన ఉన్న మోషీ ప్రాంతంలో పర్యావరణ కార్యకర్త సెబాస్టియన్ చువా మరో దారి పట్టారు. 1996లో టెక్సస్ కర్రపనివాడు జేమ్స్ హారిస్‌తో కలిసి సంస్థ పెట్టి, బడిపిల్లల చేత నారు పోయించారు. 2014లో కన్నుమూసే నాటికి ఆయన ఉద్యమం లక్షల మొక్కలు నాటింది. వాటి చేవ చూసేది మనవలే.

దారెస్సలాం నుంచి కిల్వా మసోకోకు బస్సులున్నాయి. మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, లోపలి దారులు బురదవుతాయి కనుక జూన్ తర్వాత వెళ్లడం మేలు. శిల్పులను పని మీద చూడాలంటే దారెస్సలాంలోని మ్వెంగే బొమ్మల బజారు చాలు. 2017 నుంచి ఈ కర్ర అంతర్జాతీయ వ్యాపారంపై, ముప్పున్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం నియంత్రణ ఉంది. పూర్తిగా తయారైన వాద్యాలకూ, పది కిలోల లోపు కర్ర ఉన్న తయారీ వస్తువులకూ 2019లో మినహాయింపు ఇచ్చారు. అయినా రసీదు దగ్గర పెట్టుకోండి. తెల్లకర్రకు బూట్ పాలిష్ పట్టించి అంటగట్టేవాళ్లూ ఉంటారు. బొమ్మను చేత్తో ఎత్తి బరువు చూడండి, అడుగున తడిగుడ్డతో గట్టిగా రుద్దండి. గుడ్డకు నలుపు అంటితే బేరం మానేయండి.