కిందనుంచి పలికే గొంతు

మొన్న మా మనవరాలు అడిగింది. "తాతయ్యా, విమానం నడిపేది పైలటే కదా? మరి ఎక్కడో కింద గదిలో కూర్చున్నవాళ్లు ఎడమకు తిరుగు, కిందికి దిగు, అక్కడే చుట్టూ తిరుగుతూ ఉండు అని చెబుతుంటే ఒళ్లు మండదూ?"

మండుతుందర్రా, ఒక్కోసారి. కానీ ఆ గొంతు వినబడకపోతే అంతకన్నా ఎక్కువ భయం వేస్తుంది. ఈ రెండూ ఎందుకో చెబుతాను, కూర్చోండి.

35,000 అడుగుల ఎత్తున పెద్ద విమానం గంటకు సుమారు 850 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. ఎదురుగా ఇంకొకటి అదే వేగంతో వస్తుంటే రెండిటి మధ్య దూరం సెకనుకు దాదాపు అర కిలోమీటరు చొప్పున తరిగిపోతుంది. పది కిలోమీటర్ల అవతల ఉన్న విమానం పట్టపగలు కూడా చిన్న చుక్కే. ఆ చుక్కను చూసి, అది విమానమేనని పోల్చుకుని, ఎటు తప్పుకోవాలో తేల్చుకుని, అంత బరువైన యంత్రాన్ని పక్కకు మళ్లించడానికి ఉండే వ్యవధి 20 సెకన్లు. మబ్బులో ఉంటే ఆ చుక్క కూడా కనబడదు. అందుకని చూసే పనిలో సగం ఇంకొకరికి అప్పగించారు. ఆయనే, లేదా ఆవిడే, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్.

మనం శంషాబాద్‌లో ఎక్కి ఢిల్లీ వెళ్తున్నామనుకోండి. విమానాన్ని రన్‌వే దాకా నడిపించేది ఒకరు, ఎగరడానికి అనుమతి ఇచ్చేది అద్దాల టవర్‌లోని మరొకరు. గాల్లోకి లేచిన కాసేపటికే టవర్ చేయి వదులుతుంది, రాడార్ తెరల ముందు కూర్చున్నవాళ్లు అందుకుంటారు. దారి పొడుగునా ఇలా ఒకరి నుంచి ఒకరికి అప్పగింతలే. మారినప్పుడల్లా పైలట్ రేడియో ఫ్రీక్వెన్సీ మార్చుకుని కొత్త గొంతుకు తన విమానం పేరూ ఎత్తూ చెప్పుకోవాలి. మన దేశంలో చాలామంది అప్పుడు "నమస్కార్" అని పలకరించుకుంటారు. మొహాలు చూసుకోని మనుషుల మధ్య ఆ పలకరింపు అంటే నాకు చాలా ఇష్టం. విశాఖలో ఐఎన్ఎస్ డేగాలో దిగితే ఆ పలికేది నౌకాదళంవాళ్లు. అది వాళ్ల స్థావరం మరి.

కింద ఉన్నవాళ్లకు పైవాళ్లు ఎలా కనిపిస్తారు? పాతరకం రాడార్ తరంగాన్ని పంపి, విమానానికి తగిలి తిరిగొచ్చిన దాన్ని పట్టుకుంటుంది. ఏదో ఒకటి ఫలానా చోట ఉందని చెబుతుందే తప్ప, అదెవరో, ఎంత ఎత్తున ఉందో చెప్పలేదు. రెండోరకం రాడార్ విమానాన్ని ప్రశ్న అడుగుతుంది. విమానంలోని ట్రాన్స్‌పాండర్ అనే పెట్టె తనకిచ్చిన నాలుగంకెల సంఖ్యనూ, ఎత్తునూ జవాబుగా పంపుతుంది. ఆ సంఖ్యలో 8, 9 అంకెలు ఉండవు. సున్నా నుంచి ఏడు దాకానే, అందుకే మొత్తం 4,096 సంఖ్యలు. వాటిలో 7700 పెట్టుకున్నారంటే ఆపదలో ఉన్నామని, 7600 అంటే రేడియో పోయిందని, 7500 అంటే విమానాన్ని ఎవరో బలవంతంగా పట్టుకున్నారని అర్థం. నోరు విప్పలేని చోట అంకె మాట్లాడుతుంది.

ఇక మాటల సంగతి. విమానాలు ఇప్పటికీ పాత ఏఎం పద్ధతి రేడియోలోనే మాట్లాడుకుంటాయి. దీనికి మంచి కారణం ఉంది. ఎఫ్ఎంలో ఇద్దరు ఒకే ఫ్రీక్వెన్సీ మీద మాట్లాడితే బలమైన గొంతు రెండోదాన్ని పూర్తిగా మింగేస్తుంది. రెండోవాడు మాట్లాడాడన్న సంగతే ఎవరికీ తెలియదు. ఏఎంలో ఇద్దరూ కలిసి పడితే కీచుమని శబ్దం వస్తుంది. మాట అర్థం కాకపోయినా ఏదో చెడిందని తెలుస్తుంది, మళ్లీ చెప్పమని అడగొచ్చు.

అడగాలి అంతే. 1977 మార్చి 27న టెనెరిఫె ద్వీపంలో పొగమంచు కమ్మిన రన్‌వే మీద పాన్ యామ్, కేఎల్ఎం సంస్థల జంబో జెట్లు రెండు ఉన్నాయి. అనుమతి రాకముందే కేఎల్ఎం విమానం ఎగరబోయింది. ఆగమని టవర్ చెబుతున్న మాట, మేమింకా రన్‌వే మీదే ఉన్నామని పాన్ యామ్ విమానం చెబుతున్న మాట ఒకదానిమీద ఒకటి పడ్డాయి. కేఎల్ఎం విమానంలో కీచుశబ్దం వినబడింది. కాసేపటికి ఆ విమానపు ఫ్లైట్ ఇంజినీరుకు అనుమానం వచ్చింది, అవతలివాళ్లు ఇంకా తప్పుకోలేదా అని కెప్టెన్‌ని అడిగాడు కూడా. తప్పుకున్నారనే అన్నాడు కెప్టెన్. టవర్‌ను మాత్రం ఎవరూ అడగలేదు. రెండూ ఢీకొని 583 మంది పోయారు. ఆ తర్వాత టేకాఫ్ అన్న మాటను అనుమతి ఇచ్చేటప్పుడూ, దాన్ని రద్దు చేసేటప్పుడూ తప్ప వాడకూడదని నియమం పెట్టారు.

అందుకే కంట్రోలర్ చెప్పిన ఎత్తూ, దిక్కూ, రన్‌వే సంఖ్యా పైలట్ తిరిగి పలకాలి. కంట్రోలర్ చెవి పెట్టి వినాలి. వేదపాఠశాలలో గురువుగారు సంత చెబుతుంటే శిష్యులు తిరిగి చెబుతారు చూడండి, ఒక్క స్వరం తప్పినా ఆయన అక్కడే ఆపి సరిచేస్తారు. అచ్చం అలాగే. పైలట్ తిరిగి చెప్పడం ఎంత ముఖ్యమో, కంట్రోలర్ ఆ చెప్పింది నిజంగా వినడం అంత ముఖ్యం. రద్దీ వేళ ముందు తప్పేది రెండోదే.

సరే, కోపం ఎక్కడ వస్తుంది? పైలట్లు తరచుగా చెప్పే కష్టం దిగేటప్పటిది. ఇంజిన్లు తగ్గించి గాల్లో జారుకుంటూ దిగే జెట్ విమానం సుమారు అయిదున్నర కిలోమీటర్లు ముందుకు పోతే వెయ్యి అడుగులు దిగుతుంది. 35,000 అడుగుల నుంచి దిగాలంటే దాదాపు రెండు వందల కిలోమీటర్ల ముందే మొదలుపెట్టాలి. ఈ లెక్కంతా వేసుకుని దిగుతుంటే కింద నుంచి, "మీకు దగ్గర దారి ఇస్తున్నాను, నేరుగా రండి" అని ప్రేమగా చెబుతారు. ప్రయాణికులకు అది వరమే. కానీ దూరం తగ్గింది, ఎత్తు మాత్రం తగ్గలేదు! దానికి తోడు త్వరగా దిగండి, వేగం కూడా తగ్గించండి అంటే ఇంకా చిక్కు. ఎత్తులో దాగున్న శక్తి ఎక్కడికి పోతుంది? కిందికి దిగేకొద్దీ వేగంగా మారుతుంది. రెండూ ఒకేసారి కావాలంటే రెక్కల మీది పలకలు ఎత్తి గాలికి అడ్డం పెట్టాలి, విమానం గడగడలాడుతుంది. ఇంకా ఎన్ని మైళ్లు ఎగరాలో ముందే చెప్పే కంట్రోలర్‌ని పైలట్లు అందుకే మెచ్చుకుంటారు. కారణం చెప్పకుండా గాల్లో చక్కర్లు కొట్టించేవాళ్ల మీద విసుక్కుంటారు.

అయితే పైలట్ బానిస కాదు. విమానం భద్రత విషయంలో ఆఖరి మాట కెప్టెన్‌దే, అంతర్జాతీయ నియమాలు ఆ మాట స్పష్టంగా రాసిపెట్టాయి. చెప్పింది చేయలేనప్పుడు "అనేబుల్" అంటే చాలు, కంట్రోలర్ ఇంకో దారి చూస్తారు.

ఈ అధికారం, ఈ నమ్మకం కలిసి ఎంత పని చేశాయో చూడాలంటే 2009 జనవరి 15 మధ్యాహ్నం న్యూయార్క్ వెళ్లాలి. లాగార్డియా నుంచి లేచిన యూఎస్ ఎయిర్‌వేస్ 1549 విమానం సుమారు 2,800 అడుగుల ఎత్తులో కెనడా గూస్ పక్షుల గుంపును ఢీకొంది. రెండు ఇంజిన్లూ చచ్చుబడ్డాయి. కెప్టెన్ చెస్లీ సల్లెన్‌బర్గర్, పక్కన తోటి పైలట్ జెఫ్రీ స్కైల్స్. కింద రాడార్ ముందు కంట్రోలర్ పాట్రిక్ హార్టెన్. కెప్టెన్ ఆ కంగారులో తన విమానం సంఖ్య 1539 అని తప్పు చెప్పాడు. హార్టెన్ జవాబిస్తూ 1529 అన్నాడు. అయినా ఒకరికొకరు అర్థమయ్యారు. ఆ మరుక్షణం హార్టెన్ లాగార్డియా టవర్‌కు చెప్పి ఎగరబోయే విమానాలన్నీ ఆపించాడు. ఒక రన్‌వే ఇవ్వజూపాడు, కుదరదన్నారు. ఇంకోటి చూపించాడు, కుదరదన్నారు. పక్కనున్న టెటర్‌బోరో విమానాశ్రయంతో మాట్లాడి అక్కడ రన్‌వే ఖాళీ చేయించాడు. అదీ అందదన్నారు. హడ్సన్ నదిలో దిగబోతున్నామని కెప్టెన్ చెప్పాడు. హార్టెన్ నమ్మలేక మళ్లీ చెప్పమన్నాడు. తెర మీద నుంచి విమానం మాయమైపోయాక కూడా, నువార్క్ విమానాశ్రయం మీకు ఏడు మైళ్లలో ఉందని చెబుతూనే ఉన్నాడు.

పక్షులు తగిలిన క్షణం నుంచి నీళ్లలో దిగేదాకా పట్టింది 208 సెకన్లు. అందులో ఉన్న 155 మందీ బతికారు. కానీ ఆ సంగతి హార్టెన్‌కు వెంటనే తెలియలేదు. వాళ్లతో మాట్లాడిన ఆఖరి మనిషిని నేనే అనుకున్నానని తర్వాత అమెరికా కాంగ్రెస్ ముందు చెప్పాడు. భార్యకు ఫోన్ చేస్తే గొంతు పెగలదని సందేశం పంపాడట.

మరి పైలట్‌కు ఎలా అనిపించింది? సల్లెన్‌బర్గర్ తన ఆత్మకథలో హార్టెన్‌ని మెచ్చుకున్నాడు. ఈ కఠినమైన నిర్ణయాలు తీసుకోవాల్సింది పైలటేనని హార్టెన్‌కు తెలుసనీ, తన ప్రణాళికను నెత్తిన రుద్దే ప్రయత్నం చేయలేదనీ ఆయన భావం. ఎంచుకునే వీలంతా చేతికందించి, ఎంపికను అవతలి మనిషికి వదిలేయడం చాలా కష్టమైన పని. కంట్రోలర్ నుంచి పైలట్ కోరుకునేది ఇంతకన్నా ఏముంటుంది?

కానీ కింద ఉన్న మనిషి ఎంత సమర్థుడైనా పైనుంచి మాట రాకపోతే ఏం చేస్తాడు? అదే న్యూయార్క్‌లో, 1990 జనవరి 25 రాత్రి, కొలంబియా నుంచి వస్తున్న ఏవియాంకా 52 విమానాన్ని వాతావరణం బాగాలేక మూడుసార్లు కలిపి గంటా 17 నిమిషాలు చక్కర్లు కొట్టించారు. ఇంధనం అడుగంటుతోంది. మొదటిసారి దిగబోయి కుదరక మళ్లీ పైకి లేచారు. ఎమర్జెన్సీ అని చెప్పమని కెప్టెన్ తోటి పైలట్‌కు చెప్పాడు. తోటి పైలట్ రేడియోలో ఇంధనం అయిపోతోందని మాత్రం మామూలు గొంతుతో, ఇంకో మాట చివర కలిపి అన్నాడు. పైకి లేచిన విమానాలు చాలాసార్లు ఇలాంటి మాటే చెబుతుంటాయి కాబట్టి కంట్రోలర్‌కు గుండె ఝల్లుమనలేదు. ఇంకో పాతిక కిలోమీటర్లు తిప్పి తీసుకొస్తాను, ఇంధనానికి ఇబ్బంది లేదుగా అని అడిగితే, పరవాలేదనుకుంటాను, కృతజ్ఞతలు అన్నాడు. కాసేపటికి ఇంజిన్లు ఆగిపోయి విమానం లాంగ్ ఐలాండ్‌లో కూలింది. 158 మందిలో 73 మంది చనిపోయారు. మొహమాటం ప్రాణం తీస్తుందంటే నమ్ముతారా? ఇప్పుడు ఇంధనం అడుగంటుతుంటే ఆపద పిలుపైన "మేడే"ను మూడుసార్లు పలికి "ఫ్యూయల్" అని చెప్పాలని నియమం. ఆ మాట వినగానే కంట్రోలర్ మిగతా అందర్నీ పక్కకు జరుపుతారు.

మన నేల మీద జరిగినదీ చెప్పాలి. 1996 నవంబరు 12 సాయంత్రం, హర్యానాలోని చర్ఖీ దాద్రీ దగ్గర సౌదీ జంబో, కజకిస్థాన్ విమానం గాల్లోనే ఢీకొన్నాయి. 349 మందిలో ఒక్కరూ మిగల్లేదు. కజక్ విమానాన్ని 15,000 అడుగుల దగ్గర, సౌదీ విమానాన్ని 14,000 దగ్గర ఉండమని ఢిల్లీ కంట్రోలర్ చెప్పాడు, ఎదురుగా విమానం వస్తోందని కూడా హెచ్చరించాడు. వెయ్యి అడుగుల తేడా నియమం ప్రకారం సరిపోతుంది. కానీ కజక్ విమానం ఆ ఎత్తు దగ్గర ఆగలేదు. అందులో ఇంగ్లీషులో మాట్లాడే పని రేడియో ఆపరేటర్‌ది, నడిపేవాళ్లు వేరు. విన్నవాడి నుంచి నడిపేవాడికి మాట చేరేలోగా జారిపోయింది. ఢిల్లీలో అప్పటికి ఎత్తు చూపించే రెండోరకం రాడార్ వాడకంలోకి రాలేదు, రావడానికీ పోవడానికీ ఆకాశంలో ఒకటే దారి. ఆ తర్వాతే దారులు వేరు చేశారు, కొత్త రాడార్ వచ్చింది, దగ్గరగా వచ్చే విమానాన్ని పసిగట్టి హెచ్చరించే టీకాస్ యంత్రం మన ఆకాశంలో తప్పనిసరి అయింది.

ఆ యంత్రం ఒకటి చెప్పి, కంట్రోలర్ ఇంకొకటి చెబితే? 2002 జులై 1 రాత్రి జర్మనీలో యూబర్లింగెన్ మీద అదే జరిగింది. ఆ ఆకాశాన్ని చూసే గదిలో ఒక్క కంట్రోలర్ రెండు తెరలు చూసుకుంటున్నాడు, తోటివాడు విశ్రాంతికి వెళ్లాడు, ఫోన్ లైన్లు మరమ్మతులో ఉన్నాయి. రష్యా విమానానికి యంత్రం ఎక్కమంది, కంట్రోలర్ దిగమన్నాడు. దిగింది. ఎదుటి విమానం కూడా తన యంత్రం మాట విని దిగుతోంది. 71 మంది పోయారు, అందులో ఎక్కువమంది పిల్లలు. ఇప్పుడు యంత్రం మాటే వినాలని పైలట్లందరికీ నేర్పుతారు. కానీ ఆ రాత్రి తప్పంతా ఆ ఒక్క మనిషిదే అనడం అన్యాయం. అంత బరువు ఒక్కడి మీద వదిలేసినవాళ్లది పెద్ద తప్పు. కంట్రోలర్ల కొరత గురించి వార్త కనబడితే పైలట్లు గబుక్కున చదివేది అందుకే.

ఒకరి కష్టం ఒకరికి తెలియడానికి కంట్రోలర్లను కాక్‌పిట్‌లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లడం, పైలట్లు రాడార్ గదులు చూసి రావడం చాలా దేశాల్లో ఉన్న మంచి అలవాటు. ఒక్కసారి ఆ గదిలో కూర్చున్న పైలట్, మళ్లీ చక్కర్లు కొట్టమంటే అంత విసుక్కోడు. ఇలాంటివి ఇంకా ఎక్కువ జరగాలి.

పిల్లలూ, విమానం అనగానే మీరందరూ పైలట్ అవుతామంటారు. అవండి, సంతోషమే. కానీ ఆ రెండో కుర్చీ వైపు కూడా చూడండి. మన దేశంలో కంట్రోలర్లను ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ పరీక్ష పెట్టి తీసుకుంటుంది. డిగ్రీలో భౌతికశాస్త్రం, గణితం చదివినవాళ్లూ, ఇంజినీరింగ్ చదివినవాళ్లూ రాయొచ్చు. శిక్షణ ఇచ్చే చోట్లలో ఒకటి ప్రయాగ్‌రాజ్‌లో ఉంది. ఇంకొకటి ఎక్కడో కాదు, మన బేగంపేటలోనే.