కొత్త ఫోనుకు బయానా ఇచ్చే ముందు

మా తిరుమలగిరిలో ఈమధ్య ఓ శుక్రవారం జుమా నమాజు ముగిశాక, మా పాత విద్యార్థి ఒకడు మసీదు మెట్ల దగ్గర మమ్మల్ని ఆపి జేబులోంచి మూడు కాగితాలు తీశాడు. ఒక ప్రైవేటు కంపెనీలో స్టోర్‌కీపరుగా పనిచేస్తున్నాడు. పదో తరగతి పాసైన కొడుక్కి కొత్తగా రాబోతున్న ఫోను కొనిస్తానని మాట ఇచ్చాడట. మొదటి కాగితం లాల్‌బజారులోని చిన్న దుకాణానిది: రొక్కమైతే 23,300 రూపాయలు. రెండోది పెద్ద షోరూముది: 24,000 రూపాయలు, ఆరు కిస్తీలు, ‘నో కాస్ట్ ఇ.ఎం.ఐ.’ మూడోది ఇంటర్నెట్ అంగడిది: ఇప్పుడు 2,000 కట్టి బుక్ చేసుకోవాలి, పాత ఫోను ఇస్తే మరికొంత తగ్గింపు.

“మౌలానా, ఏది చవకో మా వాడు చూస్తున్నాడు. ఏది వడ్డీ కాదో మీరు చెప్పండి” అన్నాడు.

ప్రశ్న చిన్నదే. జవాబు చెప్పడానికి మాకు వారం పట్టింది. ఇదే ప్రశ్న చాలా ఇళ్ళలో ఉందనిపించి ఇక్కడ రాస్తున్నాం.

అమెరికాలో, గల్ఫులో ఉన్న మన బంధువులు ‘కాంట్రాక్టు ఫోను’ అంటూ ఉంటారు. ఫోను చేతికి తక్కువ ధరకే వస్తుంది, కాని రెండేళ్ళపాటు అదే కంపెనీకి నెలనెలా బిల్లు కట్టాలి. ఫోను ధర ఆ బిల్లులో కలిసి ఉంటుంది. 2008లో ఐఫోన్ అమెరికాలో రెండేళ్ళ ఒప్పందంతో 199 డాలర్లకు దొరుకుతుంటే, అదే ఏడాది ఆగస్టులో మన దేశానికి వచ్చినప్పుడు 31,000 రూపాయలన్నారు. ఇదేమి అన్యాయమని జనం ఆశ్చర్యపోయారు. అన్యాయం కాదు, అక్కడ దాగి ఉన్న ధర ఇక్కడ కనిపించింది, అంతే. మన దగ్గర కూడా ఈ పద్ధతిని ప్రయత్నించకపోలేదు. 2003లో రిలయన్స్ వారు 501 రూపాయలకే ఫోను చేతిలో పెట్టి మిగతాది మూడేళ్ళ బిల్లుల్లో రాబట్టాలనుకున్నారు. ఎంతోమంది బిల్లులు కట్టడం మానేశారు. 2017లో జియో ఫోనుకు ఆగస్టు 24 నుంచి 500 రూపాయలతో బుకింగులు తీసుకున్నారు. మొత్తం 1,500 డిపాజిట్టు, 36 నెలల తర్వాత ఫోను తిరిగిస్తే వాపసు అన్నారు. ఇప్పుడు మన బజార్లలో ఒప్పందం సిమ్ కంపెనీతో కాదు, బ్యాంకుతోనో ఫైనాన్స్ కంపెనీతోనో జరుగుతోంది. చిక్కంతా అక్కడే ఉంది.

కిస్తీల మీద కొనడమే హరామ్ అని కొందరు అనుకుంటారు. అది పొరపాటు. రొక్కానికి ఒక ధర, వాయిదాకు కొంచెం ఎక్కువ ధర చెప్పడాన్ని నాలుగు మజ్‌హబుల ఫుకహాలలో అత్యధికులు అనుమతించారు. షరతు ఏమిటంటే, లేచి వెళ్ళేలోపు ఏదో ఒక ధర ఖాయం కావాలి. ఆ తర్వాత ఆలస్యమైందని ఒక్క పైసా పెరగకూడదు. ఇస్లామీ దేశాల సంస్థకు చెందిన ఫిఖహ్ అకాడమీ 1990 మార్చిలో జెద్దాలో సమావేశమై ఇదే తీర్మానించింది. వడ్డీని ధర నుంచి విడదీసి, గడువును బట్టి లెక్కగట్టడం చెల్లదని కూడా ఆ తీర్మానంలోనే ఉంది. కాబట్టి దుకాణదారుడే అమ్మకందారు అయి, తన సరుకును వాయిదాల మీద ఇస్తే అది వ్యాపారం. మూడోవాడు వచ్చి దుకాణదారుడికి డబ్బు కట్టి, మీ దగ్గర వడ్డీతో వసూలు చేసుకుంటే అది అప్పు. సూరా బఖరా 275వ ఆయతులో వ్యాపారాన్నీ వడ్డీనీ వేరుచేసిన గీత ఈ రెంటి మధ్యే ఉంది.

మరి ‘నో కాస్ట్’ సంగతి? షోరూము కాగితాన్ని తీసుకుని లెక్క కట్టాం. నెలకు 4,000 చొప్పున ఆరు నెలలు. క్రెడిట్ కార్డు బ్యాంకు ఏడాదికి 15 శాతం వడ్డీ వేస్తుందనుకుందాం. ఆ లెక్కన అసలు 22,984, వడ్డీ 1,016. ఆ 1,016ను అమ్మేవారు ముందే ‘తగ్గింపు’గా చూపించి, బ్యాంకు దాన్ని మళ్ళీ మీ దగ్గర వడ్డీగా తీసుకుంటుంది. వడ్డీ మాయం కాలేదు, పేరు మార్చుకుంది. పైగా ఆ వడ్డీ మీద 18 శాతం జి.ఎస్.టి. 183 రూపాయలు. ప్రాసెసింగ్ ఫీజు 199 అయితే పన్నుతో కలిపి 235. మొత్తం 24,418 అవుతుంది. లాల్‌బజారు రొక్కం ధరకంటే 1,118 ఎక్కువ. సున్నా వడ్డీ అనేది అసలు లేనేలేదని రిజర్వు బ్యాంకే 2013 సెప్టెంబరులో బ్యాంకులకు చెప్పింది.

కిస్తీల మొత్తం ధరను మించకపోతే పరవాలేదనే ముఫ్తీలు కొందరున్నారు. వారిని మేము గౌరవిస్తాం. అయినా కార్డు స్టేట్‌మెంటులో ‘వడ్డీ’ అని పంక్తి కనిపిస్తుంటే, ఆలస్యానికి జరిమానా అని షరతు రాసి ఉంటే, మా మనసు ఒప్పుకోదు. అందుకు ఓ కారణం ఉంది. కొన్నేళ్ళ క్రితం మేమూ ఒక వాషింగ్ మెషిన్ ఇలాగే తెచ్చాం. ఒక నెల జీతం ఆలస్యమై కిస్తీ తిరిగిపోయింది. ఫైనాన్స్ వాళ్ళు ఒక జరిమానా, బ్యాంకు వాళ్ళు ఇంకో జరిమానా వేశారు. అప్పుడు తీసి చదివాం మేము సంతకం చేసిన కాగితాన్ని. అది అమ్మకపు పత్రం కాదు, రుణపత్రం. పిల్లలకు సూద్ గురించి పాఠం చెప్పే మేమే చదవకుండా సంతకం చేశాం!

ఇక బుకింగు సొమ్ము. ‘బయానా’ అన్నది మన ఉర్దూలోనూ తెలుగులోనూ ఒకటే మాట, అరబీలో దీన్ని ఉర్బూన్ అంటారు. తన దగ్గర లేని దాన్ని అమ్మవద్దని దైవప్రవక్త (స) హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి)కు చెప్పారు. అయితే మదీనా వాసులు ఖర్జూరాల కోసం ఏడాది, రెండేళ్ళ ముందే సొమ్ము చెల్లించేవారు. కొలత, తూకం, గడువు స్పష్టంగా తెలిసి ఉంటే అలా చేయవచ్చని కూడా ఆయనే సెలవిచ్చారు. దాన్నే సలమ్ అంటాం. అందులో ధర మొత్తం ముందే చెల్లించాలి. 2,000 కట్టి బుక్ చేసుకోవడం సలమ్ కాదు, అది కొంటామనే వాగ్దానం. అసలు అమ్మకం ఫోను చేతికి వచ్చిన రోజున జరుగుతుంది. అప్పటిదాకా ఆ సొమ్ము అమానత్. మనసు మారితే బయానా జప్తు చేసుకోవడం హనఫీ మజ్‌హబులో చెల్లదు. హంబలీలు ఒప్పుకున్నారు. కనుక కట్టేముందే అడగాలి: వద్దంటే వాపసు వస్తుందా, ఎన్ని రోజుల్లో? ఖాయమయ్యేది నేటి ధరా, విడుదలనాటి ధరా? మెమరీ ఎంత, రంగు ఏది, తేదీ ఏది? 2016 ఫిబ్రవరిలో 251 రూపాయల స్మార్ట్‌ఫోను ప్రకటన చూసి బుకింగుకు జనం ఎగబడితే ఆ వెబ్‌సైటే ఆగిపోయింది. అన్ని లక్షల ఫోన్లు ఆ కంపెనీ దగ్గర ఉన్నాయా అని ఆ రోజు అడిగినవారు తక్కువ.

పాత ఫోను మార్పిడిలో మనమే అమ్మకందారులం. ఛార్జింగు పిన్ను వదులైందని, ఒకసారి నీళ్ళలో పడిందని చెప్పకుండా ఇవ్వడం మోసమే. పైన పొడి ధాన్యం, లోపల తడి ధాన్యం పెట్టిన వ్యాపారిని దైవప్రవక్త (స) ఎలా మందలించారో మనకు తెలుసు. కంపెనీ పెద్దది కదా అని ఇక్కడ మినహాయింపు లేదు.

తప్పనిసరై ఫైనాన్స్ దగ్గరికి వెళ్ళేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. 2024 అక్టోబరు 1 నుంచి ఇలాంటి రుణాలకు ‘కీలక వివరాల పత్రం’ ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం. అది తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. అన్ని ఖర్చులు కలిపి ఏడాదికి ఎంత శాతమో అందులో ఉంటుంది. క్రెడిట్ కార్డు బాకీలకు మాత్రం ఇది వర్తించదు. తెలుగులోనో ఉర్దూలోనో ఇమ్మని అడగడానికి మొహమాటం ఎందుకు? అమ్మినవారితో తగాదా వస్తే వినియోగదారుల సహాయ నంబరు 1915.

మరుసటి శుక్రవారం ఇవన్నీ మా విద్యార్థికి చెప్పాం. అతను లాల్‌బజారు దుకాణదారుడితో మాట్లాడాడు. మొత్తం 24,000, ముందు 9,000, ఆ తర్వాత మూడు నెలలు 5,000 చొప్పున. ఆలస్యమైతే జరిమానా లేదు. సూరా బఖరా 282వ ఆయతు ప్రకారం కాగితం రాసుకుని ఇద్దరు సాక్షులను పెట్టుకున్నారు. వారిలో ఒకరం మేము. చిన్న దుకాణానికి సరుకు పది రోజులు ఆలస్యంగా వస్తుందట. అబ్బాయి ఆ పది రోజుల కోపంతో మాకింకా సలాం చెప్పడం లేదు.