పగులు కొన దగ్గర రాయి నలిగితే

గంజి పట్టించి బిగువుగా నేసిన బట్ట అంచున చిన్న గాటు పెట్టి లాగితే సర్రున చిరుగుతుంది. వదులు నేత బట్ట అలా చిరగదు. చిరుగు కొన దగ్గర పోగులు జరిగి గుమిగూడతాయి. ఒక్కొక్క పోగును కాక పోగుల గుంపును తెంపవలసి వస్తుంది. దాజీ పేట్ విద్యార్థులకు ఇది మేము చెప్పనక్కరలేదు. నీటి ఒత్తిడితో రాతిని పగలగొట్టే శాస్త్రంలోనూ ఇటువంటి తేడాయే ఉంది.

షోలాపూర్ దక్కన్ నల్లరాతి మీద ఉన్న ఊరు. ఈ రాతి లోతుల్లో నీరు చాలావరకు పగుళ్లలోనే దొరుకుతుంది. బోరు ఎండితే, అందులో కొంత భాగాన్ని రబ్బరు బిరడాలతో బిగించి, నీటిని అధిక పీడనంతో ఎక్కించి పగుళ్లను తెరిపించే పద్ధతి ఉంది. దీన్ని 1947లో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో, హ్యూగోటన్ గ్యాస్ క్షేత్రంలో మొదట ప్రయోగించి చూశారు.

పగులు ఎంత పొడవు సాగుతుందో, ఎంత వెడల్పు తెరుచుకుంటుందో ముందే చెప్పే గణిత నమూనాలు 1950ల నుంచీ ఉన్నాయి. పగులులో ద్రవం పారే తీరు, రాయి తెరుచుకునే తీరు, కొన చీలే తీరు – ఈ మూడింటినీ కలిపి లెక్కకట్టాలి. తొలి నమూనాలు రాయిని స్థితిస్థాపకమనుకున్నాయి. అంటే ఒత్తిడి తీయగానే యథాస్థితికి వస్తుందని. గట్టి నల్లరాతికి ఈ ఊహ చాలావరకు చెల్లుతుంది. నల్లరాతి పొరల నడుమ చిక్కిన ఎర్రమన్నుకూ, మెత్తని ఇసుకరాతికీ చెల్లదు. హద్దు దాటి నొక్కితే అవి వెనక్కి రావు. శాస్త్రంలో దీనిని 'ప్లాస్టిక్' వికృతి అంటారు. (ఆ మాటకు బకెట్టు కాక తడిమట్టి గుర్తుకు రావాలి.)

చమురు బావుల్లో కొలిచిన పీడనం తరచు లెక్కకు మించి ఉండేది. 1993లో పపనస్తాసియు, థియర్సెలిన్ అనే పరిశోధకులు ఈ గుణాన్ని నమూనాలో చేర్చి ఒక కారణం చూపారు. కొన చుట్టూ ఉన్న రాయి నలిగి, కొనకు అడ్డుగోడ అవుతుంది. చీల్చవలసిన శక్తిలో కొంత ఆ నలగడానికే ఖర్చవుతుంది. అందువల్ల పగులు పొట్టిగా, వెడల్పుగా వస్తుంది, పీడనం పెరుగుతుంది.

లెక్క మాత్రం కష్టమవుతుంది. స్థితిస్థాపక రాయికి ఇప్పటి ఒత్తిడి తెలిస్తే చాలు. నలిగే రాయికి అది ఇంతవరకు పడ్డ ఒత్తిళ్లన్నీ వరుసగా కావాలి. అందుకే కంప్యూటరు పగులును అంగుళం అంగుళంగా నడిపిస్తుంది.

బోరుకు డబ్బు పెట్టేవారికి తేడా ఇక్కడే తగులుతుంది. లెక్క ప్రకారం పక్కనున్న నీటి పగులును అందుకోవలసిన చీలిక మెత్తని పొరలో మధ్యలోనే ఆగిపోవచ్చు. బోరు తవ్వినప్పుడు ఎర్రమన్ను ఏ లోతున వచ్చిందో రాసిపెట్టుకుంటే, బిరడాలను ఆ పొర తప్పించి గట్టిరాతిలోనే బిగించవచ్చు.